పిలారమ్మ మాటల పుస్తకం

ఎనభై ఆరు వేసవిలో మా బన్సీలాల్‌పేట్ ఇంటికి నీళ్ళు రోజు విడిచి రోజు వచ్చేవి. స్పానిష్ భాష మాత్రం రోజూ వచ్చేది. నీళ్ళ వెంట మా అత్తగారు పరుగెత్తారు, భాష వెంట నేను.

మొదలైంది ఏప్రిల్ రెండో వారంలో, ఒక నీళ్ళ రోజున. మా అత్తగారు రోసమ్మ వీధి కుళాయి దగ్గర, తన బిందె కన్నా ముందు బిందె పెట్టిన పుష్పమ్మగారి ఏడు తరాలనూ విచారిస్తున్నారు. పిల్లలిద్దరినీ సెలవులకి బాపట్లలో మా అమ్మ దగ్గర దింపి వచ్చిన నేను, ఇంట్లో మిగిలిన నిశ్శబ్దాన్ని ఏం చేసుకోవాలో తెలియక గడపలో నిలబడి ఉన్నాను. ఆటోలోంచి ఒక సిస్టర్ దిగింది. తెల్ల చీర, నల్ల గొడుగు.

"ఇక్కడ రోసా అంటే ఎవరు?"

మాట తీరు మలయాళీది. పేరు ఫిలోమినా అట, తిరుమలగిరి కాన్వెంట్ నుంచి వచ్చిందట. మా అత్తగారు బిందె నడుమున పెట్టుకునే వచ్చారు.

"ఏంది?"

"అమ్మా, సిస్టర్ పిలార్‌కి పక్షవాతం వచ్చింది. రెండు నెలలయింది. ఇంగ్లీషు పోయింది, తెలుగు పోయింది. ఆవిడ పుట్టిన ఊరి స్పానిష్ ఒక్కటే మిగిలింది. అది మాలో ఎవరికీ రాదు. ఆవిడ మాటల్లో మాకు అర్థమయ్యేది ఒక్కటే. రోసా, రోసా అంటారు. పాత పుస్తకాలు చూశాం. అక్కడ పెరిగిన రోసాల్లో బతికున్నది మీరొక్కరే."

"ఆమె గేటేసిన రోసను నేనే. ముప్పై అయిదేండ్లాయె. ఇప్పుడు తీసిందా?"

బిందె దింపకుండానే లోపలికి వెళ్ళిపోయారు. నేను సిస్టర్‌కి మజ్జిగ ఇచ్చాను. ఆవిడ తాగినంతసేపూ వంటింట్లో గిన్నెలు మా అత్తగారి తరఫున మాట్లాడాయి.

మా అత్తగారు ఆ కాన్వెంట్‌లో పెరిగిన అనాథ. పిలార్ అనే పేరుని పిలారమ్మ చేసింది ఆ పిల్లలే. పంతొమ్మిదో ఏట మా మామగారు యెషయాని చేసుకున్నారు. ఆయన ఆసుపత్రిలో కాంపౌండరు, గట్టి బాప్తిస్టు. కేథలిక్కులది నెత్తిన నాలుగు చుక్కలు పోసే జ్ఞానస్నానం. మాది మనిషిని నిలువునా ముంచి తీసే బాప్తిస్మం. పోసింది చెల్లదని మామగారి సంఘం వాళ్ళు ఆవిడని మళ్ళీ ముంచారు. "నేనిప్పించింది చాలలేదా?" అని పిలారమ్మ గేటు వేసేసింది. నీళ్ళు ఎక్కువా తక్కువా అనే సంగతి మీద ఇద్దరు ఆడవాళ్ళు ముప్పై అయిదేళ్ళు మాట్లాడుకోకుండా ఉండగలరని నేను ఆ ఇంటికి వచ్చాకే తెలుసుకున్నాను.

సాయంత్రం మా అత్తగారు ఆవకాయ ముక్కలు తుడుస్తూ ఉన్నట్టుండి అన్నారు.

"నువ్వు పో, ప్రేమా."

"నేనా? నేనెవరు ఆవిడకి?"

"మీ మామ డిసెంబర్‌ల పోయిండు. రాయి మీద ఏం చెక్కించినం? దేవానందం కుమారుడు యెషయా అని. రేపు నా రాయి మీద ఏం చెక్కిస్తరు? గేటు బిడ్డ రోసమ్మ అనా?" ఒక ముక్కని రెండుసార్లు తుడిచారు. "ఆగస్టు ముప్పై, పునీత రోసా పండుగ నాడు గేటు కాడ దొరికిన్నంట. క్యాలెండర్ చూసి పేరు పెట్టిన్రు. నన్ను కన్నదెవరో పిలారమ్మకు ఎర్కే. ఎన్నిసార్లడిగినా నోరిప్పలే. ఆమె సుత పోతె ఇగ చెప్పెటోళ్ళెవరు?"

"నాకు స్పానిష్ రాదు కదా, అత్తయ్యా."

"బి.ఏ. అన్నరు గద మీవోళ్ళు, సంబంధం మాట్లాడినప్పుడు?"

గుంటూరులో నేను చదివిన చరిత్ర బి.ఏ. పదమూడేళ్ళుగా రేషన్ కార్డు ఫారాలు నింపడానికి తప్ప దేనికీ పనికిరాలేదు. దానికి అంత గౌరవం దక్కడం అదే మొదలు. కాదనలేకపోయాను.

మర్నాడు తిరుమలగిరి బస్సెక్కాను. పిలారమ్మ గది పొడుగ్గా, ఫినాయిల్ వాసనతో ఉంది. మంచం మీద మనిషి తక్కువ, దుప్పటి ఎక్కువ. ఎనభై రెండేళ్ళట. కుడి చెయ్యి పడిపోయింది, మూతి ఒక పక్కకి జారింది. కళ్ళు మాత్రం క్లాసులో చివరి బెంచీ దాకా చూసే కళ్ళు.

"ఫ్రీయో," అంది.

సిస్టర్ ఫిలోమినా వెళ్ళి ఫ్యాను ఇంకో నంబరు పెంచింది.

"ఫ్రీయో, ఫ్రీయో."

"పాపం, ఉక్క," అని ఫిలోమినా కిటికీ కూడా తెరిచింది. పిలారమ్మ కళ్ళు మూసుకుంది.

ఆవిడ మంచం పక్క సొరుగులో జపమాల, విరిగిన కళ్ళజోడు, నల్ల అట్ట వేసిన పాత నోటుబుక్కు ఉన్నాయి. అనుమతి అడగకుండానే తీశాను. మొదటి పేజీలో 1931 అని ఉంది, దాని కింద "మయెస్త్రా: దేవమ్మ" అని. లోపల ప్రతి పేజీలోనూ రెండు వరసలు. ఎడమ వరస నాకు తెలియని భాష. కుడి వరస కూడా తెలియదనే అనుకున్నాను. పైకి చదివితే నవ్వొచ్చింది. గిదేంది. నీళ్ళు తే. జెర ఆగు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్న తెలుగు అది. యాభై అయిదేళ్ళ కిందట ఓడ దిగిన స్పెయిన్ పిల్ల, పెరట్లో ఎవరి వెంటో తిరుగుతూ, కంటబడ్డ ప్రతి వస్తువునూ "గిదేంది" అని అడిగి రాసుకున్న పుస్తకం. అందులోది బడి తెలుగు కాదు, ప్రార్థన పుస్తకం తెలుగు అంతకన్నా కాదు. అచ్చం మా అత్తగారి తెలుగు.

మూడో పేజీలో దొరికింది. ఎడమవైపు ఫ్రీయో. కుడివైపు సలి.

నేను లేచి ఫ్యాను ఆపేశాను, కిటికీ మూశాను. కాళ్ళ దగ్గరున్న దుప్పటిని గొంతు దాకా కప్పాను. ఏప్రిల్ మధ్యాహ్నం. రెండు నెలలుగా చలి అన్నప్పుడల్లా గాలి విసిరించుకున్న ఆ మనిషి కళ్ళు తెరిచి నన్ను చూసింది. ఎడం చేత్తో నా చెయ్యి పట్టుకుంది. బస్సు వేళ దాటిపోయినా వదల్లేదు.

సిస్టర్ ఫిలోమినా ఆ నోటుబుక్కు ఇంటికి తీసుకెళ్ళనిచ్చింది. పిలారమ్మ రాసుకున్న దారినే నేను వెనక్కి నడవడం మొదలుపెట్టాను. తెలుగు నుంచి స్పానిష్‌కి. మా ఆయన జకర్యా రైల్వే ఆఫీసులో టైపిస్టు. తార్నాక భాషల కాలేజీలో పనిచేసే స్నేహితుణ్ణి పట్టుకుని ఒక డిక్షనరీ అరువు తెచ్చాడు. ఒక్కో మాటా ఏ ఊరి నుంచి ఏ ఊరికి వలస పోయిందో కూడా రాసే రకం.

"ఆఫీసుల ఎవరికీ చెప్పకు," అన్నాడు. "స్పెయిన్ పోయే ప్లాన్ ఉందనుకుంటరు."

నేను కాగితం ముక్కల మీద రాసి ఇంట్లో సామాన్లకి అంటించాను. బల్లకి మెసా. తువ్వాలుకి తోఆయా. బాల్చీకి బాల్దే. చొక్కాకి కమీసా, అంటే మన కమీజే. సబ్బు హబోన్. నోటుబుక్కులో సబ్బు పక్కనా బాల్చీ పక్కనా పిలారమ్మ చిన్న నక్షత్రం గీసుకుంది, చుట్టాలు కనబడినట్టు. పరాయి దేశంలో చాకిరేవు దగ్గర తెలిసిన ముఖాలు చూసినట్టుంది ఆ పిల్లకి.

చక్కెర డబ్బా మీద అథూకర్ అని అంటించాను. డిక్షనరీ ప్రకారం మన శర్కరే ఇల్లు వదిలి పారశీకంలో కొన్నాళ్ళు, అరబ్బుల దగ్గర కొన్నాళ్ళు మకాం చేసి, ముందో అకారం తగిలించుకుని స్పెయిన్ చేరింది. నారింజ కూడా ఆ దారినే వెళ్ళి నరాన్‌హ అయింది. అన్ని సముద్రాలు దాటిన చక్కెర మా రేషన్ షాపు గుమ్మం మాత్రం ఆ నెల దాటలేదు.

మా అత్తగారు మొదట్లో ఆ కాగితాలని చూసి "గిదేం చేతబడి" అన్నారు. వారం తిరక్కుండా, స్నానాల గదిలోంచి గట్టిగా, "ఓ ప్రేమా, ఆ హబోన్ ఇటియ్యి!" అన్నారు. నేను ఇచ్చాను. ఇద్దరం నవ్వలేదు. నవ్వితే ఆవిడ మళ్ళీ అనరని నాకు తెలుసు.

రోజూ సాయంత్రం మాత్రం ఒకటే ప్రశ్న.

"అడిగినవా?"

"ఇంకా కూరగాయల దగ్గరున్నాను, అత్తయ్యా. మనుషుల పేజీ రావాలి."

"ఆమె నీ కూరగాయలు అయ్యేదాక ఉంటదా?"

అదీ నిజమే. పిలారమ్మ వారం వారం తగ్గిపోతోంది. వరండాలో కూర్చోబెడితే కూర్చునేది కాస్తా మంచానికే పరిమితమైంది. జావ మింగడం మానేసింది. నన్ను చూడగానే "రోసా?" అనేది. కాదని తలూపితే, రేపు వస్తుందన్నట్టు నేను చేత్తో సైగ చేస్తే, "ఓహలా" అనేది. రావాలని ఆశ అన్నమాట. ఆ మాట అరబ్బుల నుంచి వచ్చిందనీ, దానిలో అల్లా పేరు ఇరుక్కుని ఉందనీ డిక్షనరీ చెప్పింది. మా వీధిలో ఖాజాభాయి ఇన్షా అల్లా అనకుండా పాలు కూడా పొయ్యడు. ఓహలాకి అదే ఇంటిపేరు. సిస్టర్ ఫిలోమినాకి ఈ సంగతి చెప్పలేదు. ఒక సన్యాసిని నోట్లో ఆ పేరు హాయిగా ఉంటే మధ్యలో నేనెందుకు?

మే మూడో వారంలో అడిగాను. మూడు రోజులు కట్టి పెట్టుకున్న వాక్యం. బస్సులో పెదాలు కదుపుతుంటే కండక్టరు ఏదో జపం అనుకుని జరిగి నిలబడ్డాడు.

"కియెన్ ఎస్ ల మద్రె దె రోసా?" రోసా తల్లి ఎవరు?

పిలారమ్మ ముందు గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో ఎవరూ లేరు. తర్వాత నా మెడ వంచమని వేలు ఆడించింది.

"దేవమ్మ," అంది. "ల కె లావా."

లావా. నాకు తెలిసిన మాటే. నోటుబుక్కులో సబ్బు, బాల్చీ ఉన్న పేజీలోనే ఉంది. ఉతకడం. దేవమ్మ, బట్టలు ఉతికే ఆవిడ. నోటుబుక్కు మొదటి పేజీలో ఉన్న దేవమ్మ. మయెస్త్రా అంటే టీచరు అని అప్పటికి డిక్షనరీ చెప్పింది.

పిలారమ్మ తన నోటి మీద తానే అరచెయ్యి పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి ఇంకో మాట వచ్చింది. "ల రేగ్లా." నియమం. దోందె, ఎక్కడుంది, అని అడిగాను. తల అడ్డంగా తిప్పి గోడ వైపు తిరిగిపోయింది.

వెళ్తూ వెళ్తూ సిస్టర్ ఫిలోమినాని అడిగాను. ఆవిడ జపమాల పూసలు రెండు జరిపాక చెప్పింది.

"పూర్వం అలాంటి నియమం ఉండేదట. భర్త లేకుండా బిడ్డని కన్న ఆడవాళ్ళు వచ్చి బిడ్డని ఇచ్చేవాళ్ళు. వెళ్ళిపోవచ్చు, లేదా ఇక్కడే పని చేసుకుంటూ ఉండొచ్చు. ఉంటే మాత్రం తల్లినని బిడ్డకి చెప్పకూడదు. చెబితే ఇద్దరినీ పంపేస్తారు. ఇప్పుడు అదేమీ లేదు."

"దేవమ్మ ఎటు వెళ్ళిందో ఎక్కడైనా రాసి ఉంటుందా?"

"పిల్లల పేర్లు రాశారు. పనివాళ్ళ పేర్లు రాయలేదమ్మా."

ఇంటికి వచ్చేసరికి మా అత్తగారు చాటలో బియ్యం ఏరుతున్నారు. ఎదురుగా కూర్చున్నాను. నేరుగా చెప్పే ధైర్యం లేక పక్క నుంచి వచ్చాను.

"అత్తయ్యా, మీ కాన్వెంట్‌లో దేవమ్మ అని ఎవరైనా ఉండేవారా?"

"ఉండె. బట్టలుతికేది." రాయి ఒకటి తీసి పడేశారు. "దొంగది."

"దొంగా?"

"నాకు తొమ్మిదేండ్లు. నీలం గళ్ళ గౌను ఒకటుండె నాకు. చిన్నగైతే చిన్నపిల్లలకు ఇయ్యాలని తీసుకున్నరు. ఒకనాడు బట్టలియ్యడానికి ఆమె అర్రకు వోతె, బొంత కింద నాలుగు మడతలేసి నా గౌను! ఉరికిపోయి పిలారమ్మకు చెప్పిన. అందరి ముంగట బయటికి తీసిన్రు. ఎందుకు తీసినవే అంటె నోరు తెరవలే. నాదిక్కే చూసుకుంట నిలబడ్డది. గదే దినం ఎల్లగొట్టిన్రు." చాట ఒకసారి ఎగరేశారు. "నాకు పునీతురాలి బొమ్మ ఇచ్చిన్రు. నిజం చెప్పినందుకు. శానా రోజులు దాచుకున్న."

నేను చాటలోంచి ఒక వడ్లగింజ ఏరి పక్కన పెట్టాను.

"మంచి పనిమంతురాలే, గది గాకపోతె. శనివారం మా తలలు దువ్వేది. అందరికీ ఒక్క జడ. నాకు రెండు." బియ్యంలోంచి తలెత్తారు. "ఎందుకడిగినవ్? పిలారమ్మ ఏమన్న చెప్పిందా?"

నేను ఆ ఇంట్లో పదమూడేళ్ళుగా అబద్ధాల మీదే సంసారం నడిపిన దాన్ని. పాలు విరిగితే పిల్లి మీద పెట్టాను, సినిమాకి వెళ్తే స్త్రీల ప్రార్థన కూటం మీద పెట్టాను. కనుక వెంటనే అందుకున్నాను.

"ఆవిడకి అంత జ్ఞాపకం లేదు, అత్తయ్యా. మీ మాతృమూర్తి ఉత్తమ కుటుంబీకురాలనీ, ప్రసవానంతరం కొద్దిదినాలకే ప్రభువునందు నిద్రించారనీ మాత్రం..."

"ప్రేమా."

"అండీ."

"నువ్వు అబద్ధమాడితే నీ తెలుగు రేడియో వార్తల్లెక్క అయితది. పెళ్ళైన మొదటి నెల నుంచి చూస్తున్న. చెప్పు."

పదమూడేళ్ళ నా విద్య అంతా ఆ ఒక్క మాటతో గంగలో కలిసింది. చాటలో బియ్యం వైపు చూస్తూ అన్నాను.

"ఆ గౌను దొంగతనం కాదు, అత్తయ్యా."

ఆవిడ వేళ్ళు బియ్యంలో ఆగాయి. వీధిలో ఎవరో బిందెలు వరస పెడుతున్న చప్పుడు వినబడింది. ఆవిడ నన్ను మళ్ళీ చెప్పమనలేదు. పేరు అడగలేదు. 

"పొయ్యి మీద పాలు చూడు," అన్నారు.

పొయ్యి మీద పాలు లేవు. నేను లేచి వెళ్ళి, ఆవిడ పిలిచేదాకా, లేని పాలని చూస్తూ నిలబడ్డాను.

తర్వాత అయిదు రోజులు మా అత్తగారు పనులన్నీ చేశారు, ఒక్క మాట మాట్లాడలేదు. కుళాయి దగ్గర తన వంతు పోయినా ఊరుకున్నారు. పుష్పమ్మగారు హడలిపోయి మా ఇంటికొచ్చి, "ఏందీ, పెద్దమ్మకు తబియత్ బాగలేదా?" అని అడిగింది. మా ఆయన నన్ను వంటింట్లోకి పిలిచి అదే అడిగాడు.

"ఎండ," అన్నాను. తెలుగు మామూలుగానే వచ్చింది. బయట ఎండ నిజంగానే మండుతోంది కనుక ఆయన ఇంకేమీ అడగలేదు.

ఆరో రోజు పొద్దున ఆవిడ తెల్ల నేత చీర కట్టుకుని చెప్పులేసుకున్నారు.

"నడువ్. పోదాం."

కాన్వెంట్ గేటు దగ్గర దిగాక ఆవిడ పెద్ద గుమ్మం వైపు వెళ్ళలేదు. నన్నడక్కుండా భవనం చుట్టూ తిరిగి వెనక పెరట్లోకి నడిచారు. అక్కడ బట్టలుతికే రాయి ఉంది. నీళ్ళు చూసి చాలా రోజులైనట్టు ఎండి, మధ్యలో అరిగి ఉంది. ఆ అరిగినచోట అరచెయ్యి ఆనించారు. ఎండకి కాలి ఉంటుంది. అయినా తియ్యలేదు. నేను దూరంగా గోడ నీడలో నిలబడ్డాను. నా దగ్గర ఆ వేసవికి నూట అరవై స్పానిష్ మాటలున్నాయి, ఎన్నో వేల తెలుగు మాటలున్నాయి. ఒక్కటీ ఆవిడ దగ్గరికి పట్టుకెళ్ళేటట్టు లేదు.

గదిలో ఫిలోమినా మమ్మల్ని చూసి లేచి నిలబడింది. పిలారమ్మ అప్పటికి మూడు రోజులుగా ఎవరినీ గుర్తుపట్టడం లేదట. మా అత్తగారు మంచం కాళ్ళ వైపు నిలబడ్డారు, కొంగు భుజం నిండా కప్పుకుని. పిలారమ్మ కళ్ళు మెల్లగా ఆ చీర మీదికి, ఆ ముఖం మీదికి వచ్చాయి. రోసా అంటుందని అందరం చూస్తున్నాం.

"దేవమ్మ," అంది.

మా అత్తగారు కదల్లేదు.

పిలారమ్మ ఎడం చెయ్యి దుప్పట్లోంచి బయటికొచ్చి గాల్లో నిలిచింది. "పెర్దోన్. పెర్దోన్, దేవమ్మ. యో సబీయా."

"ఏమంటున్నది?" మా అత్తగారు నా వైపు తిరక్కుండానే అడిగారు.

"మిమ్మల్ని దేవమ్మ అనుకుంటోంది. క్షమించమంటోంది. తనకి తెలుసంటోంది."

"ఏం తెలుసంట?"

నేను అడగనవసరం లేదు. ఆ కాన్వెంట్‌లో పిలారమ్మకి తెలియనిదేముంది? "గౌను ఎందుకు దాచుకుందో అప్పుడే తెలుసట. తెలిసీ దొంగని చేసి పంపించిందట."

ఫ్యాను తిరగడం లేదు. ఆ గదిలో ఫ్యాను వెయ్యకూడదని అప్పటికి అందరికీ తెలుసు. మా అత్తగారి మెడ మీద చెమట కాలువ కట్టింది.

"చెప్పు ఆమెకు," అన్నారు, గొంతు ఎత్తకుండా. "నేను దేవమ్మను గాను. దేవమ్మ ఇయ్యాల్సిన మాఫీ నేనెట్ల ఇస్త? చూపిచ్చింది నేను. ఎల్లగొట్టింది ఆమె. నేనే అడగాల్నంటె ఆ మనిషి ఎక్కడున్నదో ఎర్కలేదు. నాకే రాలే, నేనేం తెచ్చి ఇయ్యాలె? గది చెప్పు. ఒక్క ముక్క ఇడవకుండ చెప్పు."

నా నూట అరవై మాటల్లో వెతికాను. బాల్చీ ఉంది. సబ్బు ఉంది, దిండు, వంకాయ, తాళంచెవి ఉన్నాయి. పిలారమ్మ కళ్ళు నా నోటి మీదే ఉన్నాయి. చెయ్యి ఇంకా గాల్లోనే ఉంది.

"సీ," అన్నాను.

సీ అంటే అవును. అంతే. ఆ చెయ్యి దుప్పటి మీద వాలింది. ఆవిడ ముఖంలో జారని పక్క కూడా వదులైంది. కళ్ళు మూసుకుని నిద్రపోయింది. సిస్టర్ ఫిలోమినా నా వైపు చూసి తలొంచుకుంది. మా అత్తగారు మాత్రం నన్నే చూస్తున్నారు.

బస్‌స్టాపులో నీడ లేదు. చాలాసేపు బస్సు రాలేదు.

"ఏం చెప్పినవ్?"

"మీరు చెప్పిందే."

"నేను చెప్పింది గంత పొడుగుంది. నువ్వన్నది ఒక్క అక్షరం."

"స్పానిష్‌లో అంతే పడుతుంది, అత్తయ్యా."

మామూలు తెలుగే మాట్లాడాను. ఒక్క సంస్కృతం మాట కూడా రానివ్వలేదు. ఆవిడ నా ముఖం కేసి కాసేపు చూసి, రోడ్డు వైపు తిరిగారు. నమ్మారో లేదో నాకు ఈనాటికీ తెలియదు. ఇవ్వడానికి నాది కానిదాన్ని ఇచ్చేశాను. నన్నెవరూ అడగలేదు. బస్సొచ్చింది. ఎక్కి వేరే వేరే సీట్లలో కూర్చున్నాం.

పిలారమ్మ తొమ్మిది రోజులకి పోయింది. మా అత్తగారు సమాధి దాకా రాలేదు. కాన్వెంట్ వెనక బట్టలుతికే రాయి దగ్గరే నిలబడి, చర్చి గంట మోగడం ఆగాక వెనక్కి నడిచారు. నోటుబుక్కు సిస్టర్ ఫిలోమినాకి తిరిగిచ్చాను. ఇంట్లో కాగితం ముక్కలు ఒక్కొక్కటీ ఊడి పడిపోయాయి. ఊడనివి మా ఆయన పీకేశాడు. మా మధ్య ఉప్పు, పప్పు, తాళంచెవి మాటలే నడిచాయి. జూన్ మధ్యలో వాన పడింది. పిల్లలు బాపట్ల నుంచి వచ్చి, నానమ్మ ఇప్పుడు అరవడం లేదేమిటని అడిగారు.

ఒక మధ్యాహ్నం వంటింట్లో అంట్లు తోముతుంటే ఆవిడ వచ్చి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డారు. లోపలికి రాలేదు, వెళ్ళిపోలేదు.

"ఆ ముసలామె దేవమ్మను ఏమని అడిగింది?"

"క్షమించమని."

"నీ తెలుగు గాదు. ఆమె నోట ఏ మాటొచ్చిందో గది చెప్పు."

"పెర్దోన్."

పెదాలు కదిపి చూసుకున్నారు. "ఇంకోసారి."

"పెర్దోన్."

"మన మాటల్ల అందామంటె నాకు నోరు వస్తలేదే," అన్నారు. ఎవరికి, ఎందుకు అని నేను అడగలేదు. చేతికంటిన బూడిద కడుక్కుంటూ ఉండిపోయాను.

ఆవిడ పెరట్లోకి వెళ్ళారు. వాన వెలిసి చూరు కారుతోంది. చాకలికి వెయ్యాల్సిన దుప్పట్లు బాల్చీలో నానబోసి, పీట వేసుకుని కూర్చున్నారు. ఉతుకుతారనుకున్నాను. ఉతకలేదు. గోడ వైపు తిరిగి, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, మొదట ఒకసారి లోపల్లోపల అనుకున్నారు. రెండోసారి కాస్త పైకి అన్నారు. మూడోసారి నాకు కిటికీలోంచి స్పష్టంగా వినబడింది.

"పెర్దోనమ్మా."

నేను దిద్దలేదు.